పూచీ లేని విడుదల

ముందు రిచర్డ్ ఆడాన్ గురించి చెప్పాలి. ఈ కథ చెప్పేవాళ్ళలో చాలామంది ఆయన్ని చనిపోయిన చోట మాత్రమే తలుచుకుని ముందుకు వెళ్ళిపోతారు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు. క్యూబా నుంచి వచ్చిన కుటుంబం వాడు. నటుడు. నాటకాలు రాయడం మొదలుపెట్టాడు. ఆయన రాసిన మొదటి నాటకాన్ని వేయడానికి న్యూయార్క్‌లో పేరున్న లా మామా నాటక సంస్థ ఒప్పుకుంది. కొత్తగా పెళ్ళయింది. రంగస్థలం అన్నం పెట్టేదాకా ఏదో ఒక పని చేయాలి కనుక మన్‌హాటన్‌లోని ఈస్ట్ విలేజ్‌లో, సెకండ్ ఎవెన్యూ మీద ఉన్న మామగారి హోటల్ 'బినిబాన్'లో రాత్రి డ్యూటీ చేసేవాడు.

1981 జూలై 18. తెల్లవారుజామున అయిదు గంటల వేళ. ఇద్దరు యువతులతో కలిసి ఒకాయన వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. సన్నగా, పొడుగ్గా, కళ్ళద్దాలతో ఉన్న మనిషి. కాసేపటికి లేచి టాయిలెట్ ఎక్కడని అడిగాడు. ఆ హోటల్లో ఉన్నది పనివాళ్ళ టాయిలెట్ ఒక్కటే. దానికి వంటింట్లోంచి వెళ్ళాలి. బీమా నిబంధనల ప్రకారం బయటివాళ్ళని అటు పంపకూడదు. ఆడాన్ ఆ మాటే చెప్పాడు. మాటామాటా పెరిగింది. ఇద్దరూ వీధిలోకి వెళ్ళారు. ఆడాన్ చేతిలో ఏమీ లేదు. ఎదుటివాడి చేతిలో కత్తి ఉంది. ఒకే ఒక్క పోటు గుండెలో దిగింది. ఆ వీధిలోనే ఆడాన్ ప్రాణం పోయింది.

పొడిచినవాడి పేరు జాక్ హెన్రీ అబ్బాట్. వయసు ముప్ఫై ఏడు. జైలు బయటికి వచ్చి అప్పటికి ఆరు వారాలు. మర్నాడు, ఆదివారం, న్యూయార్క్ టైమ్స్ పుస్తక సమీక్షల అనుబంధంలో అతని పుస్తకాన్ని మెచ్చుకుంటూ సమీక్ష వచ్చింది. పుస్తకం పేరు 'ఇన్ ద బెల్లీ ఆఫ్ ద బీస్ట్'. ఆ అనుబంధం అచ్చయ్యే వేళకు ఆడాన్ ఇంకా బతికే ఉన్నాడు.

అబ్బాట్ 1944 జనవరిలో మిషిగన్‌లో ఒక సైనిక స్థావరం దగ్గర పుట్టాడు. తల్లి దగ్గర పెరగలేదు. ఒక పెంపుడు ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారుతూ, ఏ ఇంట్లోనూ నిలవని పిల్లవాడయ్యాడు. పన్నెండో ఏట యూటా రాష్ట్రంలో బాలనేరస్థులను పెట్టే పాఠశాలకు పంపారు. మధ్యలో కొద్దిరోజులు వదిలి మళ్ళీ లోపలికి తెచ్చారు. పద్దెనిమిదో ఏట బయటికి వచ్చాడు. ఆరు నెలలు గడవకముందే మళ్ళీ పట్టుకున్నారు. చేసిన నేరం, బ్యాంకులో డబ్బు లేకుండా చెక్కులు ఇవ్వడం. దానికి అయిదేళ్ళ దాకా శిక్ష పడింది. ఈసారి పెద్దల జైలు. అక్కడ ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ళ వయసులో తోటి ఖైదీని కత్తితో పొడిచి చంపాడు. శిక్ష మూడు నుంచి ఇరవై ఏళ్ళు. 1971లో తప్పించుకుని, డెన్వర్‌లో డబ్బు దోచి దొరికిపోయాడు. ఇంకో పందొమ్మిదేళ్ళు.

చెల్లని చెక్కు దగ్గర మొదలైన మనిషి అలా హంతకుడయ్యాడు. ఆ మధ్య కాలమంతా ప్రభుత్వ కాపలాలోనే గడిచింది. పన్నెండో ఏట తర్వాత తాను స్వేచ్ఛగా ఉన్నది మొత్తం కలిపి తొమ్మిదిన్నర నెలలని అతనే రాసుకున్నాడు. ఒంటరి కొట్లలో పద్నాలుగు పదిహేనేళ్ళు గడిచాయట. ఆ చీకటి కొట్లలోనే చదువుకున్నాడు. మార్క్స్‌నీ, తత్వశాస్త్రాన్నీ, గణితాన్నీ తనంతట తానే చదివాడు. వినడానికి గురువు లేక, వాదించడానికి సావాసగాడు లేక చాలా మాటలను పుస్తకాల్లో చూసి నేర్చుకున్నాడే తప్ప ఎవరి నోటా వినలేదు. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు అతని నేరాల జాబితా కంటే ఇదే ఎక్కువ గుచ్చుకుంటుంది.

1970ల చివర్లో పేరున్న అమెరికన్ రచయిత నార్మన్ మెయిలర్ గ్యారీ గిల్మోర్ మీద పుస్తకం రాస్తున్నాడని అబ్బాట్‌కు తెలిసింది. ఎవరీ గిల్మోర్? బాల్యం నుంచీ జైళ్ళలోనే ఎక్కువ కాలం గడిపిన ఇంకో మనిషి. 1976 ఏప్రిల్‌లో పెరోల్ మీద విడుదలై యూటాలో బంధువుల పంచన చేరాడు. మూడు నెలలు తిరక్కుండా, జూలైలో, వరుసగా రెండు రాత్రుల్లో ఇద్దరిని కాల్చి చంపాడు. ఒకరు పెట్రోలు బంకులో పనిచేసే యువకుడు, ఇంకొకరు మోటెల్ నడిపే యువకుడు. 1977 జనవరి 17న తుపాకులతో కాల్చి గిల్మోర్‌కు మరణశిక్ష అమలు చేశారు. మెయిలర్ ఈ కథ రాయడానికి కూర్చున్నప్పుడు అబ్బాట్ జైలు నుంచి ఉత్తరం రాశాడు: ఏళ్ళ తరబడి జైలు మనిషిని ఏం చేస్తుందో మీకు తెలియదు, నేను చెబుతాను అని. చెప్పాడు కూడా. ఉత్తరాల మీద ఉత్తరాలు. మెయిలర్ చలించిపోయాడు. గిల్మోర్ మీద ఆయన రాసిన పుస్తకానికి 1980లో పులిట్జర్ వచ్చింది. అదే ఏడాది అబ్బాట్ ఉత్తరాలు కొన్ని న్యూయార్క్ రివ్యూ ఆఫ్ బుక్స్‌లో అచ్చయ్యాయి. ర్యాండమ్ హౌస్ వాటిని పుస్తకంగా వేయడానికి ముందుకు వచ్చింది.

అబ్బాట్ పెరోల్ విచారణకు వచ్చినప్పుడు మెయిలర్ ఉత్తరం రాశాడు. ఇతను గొప్ప రచయిత కాగలడు, నా దగ్గర పరిశోధన సహాయకుడిగా పని ఇస్తాను అన్నాడు. జీతం వారానికి 150 డాలర్లు. మన దేశంలో పెరోల్ అంటే ఇంట్లో చావో పెళ్ళో ఉంటే ఖైదీని కొద్దిరోజులు పంపి మళ్ళీ పిలిపించుకోవడం. అమెరికాలో దాని అర్థం పెద్దది. శిక్షలో మిగిలిన కాలాన్ని ఒక అధికారి అదుపాజ్ఞల్లో బయట గడపనివ్వడం. అందుకే అక్కడి బోర్డులు ముందు అడిగే ప్రశ్న ఇది: ఎక్కడ ఉంటాడు, ఏం పని చేస్తాడు? మెయిలర్ ఉత్తరంలో పనికి జవాబు ఉంది. 1981 జూన్ మొదట్లో, పెరోల్‌కు తొలిమెట్టుగా, అబ్బాట్‌ను మన్‌హాటన్‌లో సాల్వేషన్ ఆర్మీ నడిపే వసతిగృహానికి పంపారు.

ఆ ఆరు వారాలు ఎలా గడిచాయో తలుచుకుంటే బాధగా ఉంటుంది. ఒకవైపు సన్మానం. మెయిలర్‌తో కలిసి దేశమంతా చూసే ఉదయపు టీవీ కార్యక్రమంలో కూర్చున్నాడు. ప్రచురణకర్తలు విందు ఇచ్చారు. పెద్ద రచయితలు చేయి కలిపారు. ఇంకోవైపు, మందుల షాపులో టూత్‌పేస్ట్ కొనడం ఎలాగో తెలియదు. హోటల్లో మెనూ చేతికిస్తే ఏం అడగాలో, ఎలా అడగాలో తెలియదు. పావు శతాబ్దం పాటు కంచంలో పెట్టింది తిన్నవాడు, తలుపు వేరేవాడు తీస్తే నడిచినవాడు. జైల్లో ఎవడైనా నీ కళ్ళలోకి సూటిగా చూశాడంటే సవాలు చేసినట్టు. వద్దు అన్నాడంటే అవమానించినట్టు. బయటికి రా, మాట్లాడుకుందాం అన్నాడంటే చంపడానికి పిలిచినట్టు. అక్కడ బతికి బట్టకట్టాలంటే ఆ లెక్కలు తప్పకూడదు. వాటన్నిటినీ వెంట తెచ్చుకుని, అర్ధరాత్రి దాటినా నిద్రపోని ఆ నగరం మధ్యలోకి వచ్చి పడ్డాడు. తన వెంట కత్తి కూడా ఉంచుకున్నాడు.

ఆడాన్ తన మీదికి కత్తి తీస్తున్నాడనుకున్నానని తర్వాత అబ్బాట్ కోర్టులో చెప్పాడు. ఆడాన్ దగ్గర కత్తి లేదు. వీధిలోకి ఎందుకు తీసుకువెళ్ళాడంటే, టాయిలెట్ అవసరం తీర్చుకోవడానికి ఒక మరుగు చూపించడానికేనని చాలామంది నమ్ముతారు. అదే నిజమైతే, ఒక మనిషి చేసిన సాయాన్ని ఇంకో మనిషి హత్యాయత్నంగా చదువుకున్నాడు. నాకు తెలిసిన విషాదాల్లో ఇంతకంటే ఘోరమైనది లేదు.

ఒక మనిషికి పూచీ పడడమంటే ఏమిటో తెలియాలంటే, ఇక్కడ నూట నలభై ఏళ్ళు వెనక్కి వెళ్ళి ఒక చెప్పులు కుట్టే మనిషిని గుర్తుచేసుకోవాలి. 1841లో బోస్టన్ పోలీసు కోర్టులో జాన్ అగస్టస్ కూర్చుని ఉన్నాడు. చింపిరి బట్టల తాగుబోతు ఒకణ్ణి బోనెక్కించారు. జైలుకు పంపబోతుంటే అగస్టస్ అతనితో మాట్లాడాడు. తాగడం మానేస్తానంటే నేను పూచీ ఉంటానన్నాడు. మూడు వారాల తర్వాత ఇద్దరూ కోర్టుకు వచ్చారు. ఆ మనిషి గుర్తుపట్టలేనంతగా మారిపోయాడు. న్యాయమూర్తి ఒక సెంటు జరిమానా వేసి, కోర్టు ఖర్చులు కట్టించుకుని వదిలేశాడు. ప్రొబేషన్ అనే ఏర్పాటు అక్కడ పుట్టింది. 1859లో చనిపోయేదాకా అగస్టస్ దాదాపు రెండువేల మందికి పూచీ పడ్డాడు. పూచీ అంటే ఆయనకు సంతకం ఒక్కటే కాదు. ఆ మనుషులకు తిండి, చోటు, పని చూసేవాడు. పిల్లలయితే బడి చూసేవాడు. మళ్ళీ మళ్ళీ వెళ్ళి ఎలా ఉన్నారో కనుక్కునేవాడు. తన చెప్పుల దుకాణం దెబ్బతింటున్నా మానలేదు.

మెయిలర్ మంచి మనసుతోనే ఉత్తరం రాశాడు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆయన ప్రేమించింది అబ్బాట్ వాక్యాలను. ఆ వాక్యాల వెనుక ఉన్న మనిషి పొద్దున లేచి ఎక్కడికి పోతాడు, రాత్రి ఎవరితో తిరుగుతాడు, జేబులో ఏం పెట్టుకుని తిరుగుతాడు అన్నది రోజూ చూసే వ్యక్తి లేడు. అలా చూడాల్సిన బాధ్యత అసలు మెయిలర్‌ది కూడా కాదు, విడుదల చేసిన ప్రభుత్వానిది. ప్రభుత్వం ఒక వసతిగృహంలో మంచం చూపించి ఊరుకుంది.

ఈ మొదటి రోజుల ప్రమాదం అబ్బాట్ ఒక్కడికే పరిమితం కాదు. అమెరికా న్యాయ గణాంకాల బ్యూరో 2005లో 30 రాష్ట్రాల జైళ్ళ నుంచి విడుదలైన నాలుగు లక్షల మంది పైచిలుకు ఖైదీలను అయిదేళ్ళ పాటు గమనించింది. మూడేళ్ళలో 67.8 శాతం మంది, అయిదేళ్ళలో 76.6 శాతం మంది మళ్ళీ అరెస్టయ్యారు. అలా అరెస్టయినవాళ్ళలో మూడో వంతు కంటే ఎక్కువ మంది మొదటి ఆరు నెలల్లోనే దొరికారు. సగం కంటే ఎక్కువ మంది మొదటి ఏడాదిలోపే. గిల్మోర్‌కు మూడు నెలలు పట్టింది, అబ్బాట్‌కు ఆరు వారాలు.

హత్య తర్వాత అబ్బాట్ పారిపోయాడు. మెక్సికో దాకా పోయి, తిరిగి లూయిజియానాలోని చమురు బావుల ప్రాంతంలో కూలివాళ్ళలో కలిసిపోయాడు. సెప్టెంబరులో మోర్గన్ సిటీ దగ్గర పట్టుబడ్డాడు. 1982 జనవరిలో న్యూయార్క్ జ్యూరీ అతన్ని దోషిగా తేల్చింది. హత్య అనలేదు, తీవ్రమైన మానసిక ఉద్వేగంలో చేసిన నరహత్య అంది. పదిహేనేళ్ళ నుంచి యావజ్జీవం దాకా శిక్ష పడింది. తన పుస్తకంలో అబ్బాట్ జైల్లో ఒక మనిషిని కత్తితో ఎలా పొడుస్తారో పూసగుచ్చినట్టు రాశాడు. అది చదివి గొప్ప రచన అన్నవాళ్ళే ఆడాన్ చావు తర్వాత మళ్ళీ ఆ పేజీ తీసి చూసుకున్నారు. హెచ్చరిక అచ్చులోనే ఉంది. దాన్ని సాహిత్యంగా మాత్రమే చదివారు.

విచారణ సమయంలో మెయిలర్ మరీ పెద్ద శిక్ష వద్దని వాదించాడు. సంస్కృతి కోసం కాస్త ప్రమాదాన్ని భరించవచ్చు అని ఆయన అన్న మాట ఆయన్ని జీవితాంతం వెంటాడింది. వెంటాడాల్సిందే. ఆ ప్రమాదాన్ని భరించింది ఆయన కాదు, రాత్రి డ్యూటీలో ఉన్న పిల్లవాడు, అతని భార్య. తన జీవితంలో గర్వపడడానికి ఏమీ లేని ఘట్టం ఇదని చాలా ఏళ్ళ తర్వాత మెయిలర్ ఒప్పుకున్నాడు.

ఆడాన్ భార్య సివిల్ దావా వేసింది. 1990లో జ్యూరీ ఆమెకు డెబ్బై అయిదు లక్షల డాలర్ల పైచిలుకు పరిహారం ఇమ్మంది. అబ్బాట్ ఆ కేసులో తన తరఫున తానే వాదించుకున్నాడు. భర్తను చంపినవాడే ఎదురుగా నిలబడి అడిగిన ప్రశ్నలకు ఆమె జవాబు చెప్పాల్సి వచ్చింది. అతనిలో పశ్చాత్తాపం ఉందని ఆ గదిలో ఉన్నవాళ్ళకు అనిపించలేదు. 1987లో అబ్బాట్ ఇంకో పుస్తకం వేశాడు. మొదటి పుస్తకానికి వచ్చిన ఆదరణ దానికి రాలేదు.  2001లో పెరోల్ బోర్డు ముందుకు వెళితే నిరాకరించారు. 2002 ఫిబ్రవరి 10న, న్యూయార్క్ రాష్ట్రంలోని వెండె జైల్లో, యాభై ఎనిమిదో ఏట, తన కొట్లోనే ప్రాణం తీసుకున్నాడు. పన్నెండో ఏట నుంచి ఆ రోజు దాకా గడిచిన నలభై ఆరేళ్ళలో, పారిపోయి దాక్కున్న రోజులు కూడా కలిపితే, బయట ఉన్నది ఏడాదికి కాస్త ఎక్కువ.

ఆడాన్‌ను చంపింది అబ్బాటే. బాల్యం ఎలాంటిదైనా, జైలు ఎలాంటిదైనా, ఆ కత్తి పట్టుకున్న చేయి అతనిదే. అతని మీద నాకు జాలి ఉంది, క్షమించే హక్కు మాత్రం నాకు లేదు. అది ఆడాన్ వాళ్ళది. అయితే అతన్ని విడుదల చేయడమే తప్పని అనేవాళ్ళతో నేను ఏకీభవించను. శిక్ష ముగిసిన ప్రతి మనిషీ ఏదో ఒక రోజు బయటికి వస్తాడు, పెరోల్ ఇచ్చినా ఇవ్వకపోయినా. 1981లో జరిగిన తప్పు, పాతికేళ్ళు బిగించి ఉంచిన మనిషిని ఒక్క ఉదయాన వదిలేసి, ఆ రాత్రుల్లో అతని పక్కన ఎవరినీ ఉంచకపోవడం.

జైలు నుంచి వచ్చేవారి కోసం సిఫారసు ఉత్తరం రాయాలనుకునే వారికి ఒక విన్నపం. తప్పకుండా రాయండి. రాసేటప్పుడు మొదటి ఆరు నెలలు ఆ మనిషి వెంట రోజూ ఎవరు ఉంటారో, రాత్రి పూట ఎవరికి ఫోన్ చేయాలో, వాళ్ళ పేరుతో సహా ఆ ఉత్తరంలోనే రాయండి. ఆ పేరు మీదే అయితే మరీ మంచిది.