విచారణకు హద్దు ఎవరు గీయాలి?

ప్రభుత్వం మారగానే పాత పాలకుల మీద విచారణ కమిషన్ వేయడం మన దేశంలో ఆనవాయితీ. పదవి పోయినవారు "ఇది కక్షసాధింపు" అంటారు. పదవిలోకి వచ్చినవారు "తప్పు చేయకపోతే భయమెందుకు?" అంటారు. ఐదేళ్ల తరువాత కుర్చీలు మారితే వాదనలు కూడా తారుమారవుతాయి. అందుచేత పార్టీలను పక్కనపెట్టి, జరిగిన చరిత్రను చూడడం మేలు.

1977 మే 28న జనతా ప్రభుత్వం సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి జె.సి.షాతో ఏకసభ్య కమిషన్ వేసింది. ఎమర్జెన్సీలోనూ, దానికి ముందు కొద్ది రోజుల్లోనూ జరిగిన అధికార దుర్వినియోగాన్ని తేల్చడం దాని పని. అక్రమ నిర్బంధాలు, బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, ఇళ్ల కూల్చివేతలు అందులోకి వచ్చాయి. 48 వేలకు పైగా ఫిర్యాదులు అందాయి. విచారణ బహిరంగంగానే సాగింది.

1978 జనవరిలో కమిషన్ ముందుకు వచ్చిన ఇందిరాగాంధీ ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పడానికి నిరాకరించారు. ఎమర్జెన్సీలో ఏం జరిగిందని అడుగుతున్నారే గాని, దానికి దారితీసిన పరిస్థితులను అడగడం లేదని ఆమె అభ్యంతరం. ఇది కొట్టిపారేయదగిన వాదన కాదు. ప్రశ్నను ఇరుకు చేస్తే జవాబు వంకరపోవచ్చు. అయితే షా ఆ పరిస్థితులను కూడా పరిశీలించారు. దేశంలో శాంతిభద్రతలు కుప్పకూలాయనడానికి ప్రభుత్వ రికార్డుల్లోనే ఆధారం కనిపించలేదని తేల్చారు.

జనతా ప్రభుత్వం చేసిన తప్పు వేరే చోట ఉంది. 1977 అక్టోబరు 3న సిబిఐ ఇందిరాగాంధీని అరెస్టు చేసింది. ఆరోపణలు ఎన్నికల జీపుల గురించి, ఒక చమురు కాంట్రాక్టు గురించి. మరునాడే మేజిస్ట్రేటు ఆధారాలు లేవని విడుదల చేశారు. ఏదో ఒకటి దొరక్కపోతుందా అని సాగే వేట విచారణ కాదు. ఆ అరెస్టు ఆమెకే సానుభూతి తెచ్చిపెట్టింది.

మన రాష్ట్రంలో దీనికి విరుద్ధమైన అనుభవం ఉంది. 1975 జులైలో మెదక్ జిల్లా గిరాయిపల్లిలో నలుగురు యువకులను పోలీసులు కాల్చి చంపి, ఎన్‌కౌంటర్ అన్నారు. రాడికల్ హ్యూమనిస్టు వి.ఎం.తార్కుండే అధ్యక్షతన, కె.జి.కన్నబిరాన్, కాళోజీ వంటివారు సభ్యులుగా ఏర్పడిన కమిటీ 1977లో ఇటువంటి కేసులను విచారించి, ఇవి హత్యలని చెప్పింది. రాష్ట్ర ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషన్‌ను నియమించవలసి వచ్చింది. సాక్ష్యాలు బయటపడుతున్న దశలో, ఇకపై విచారణ రహస్యంగా జరగాలని ప్రభుత్వం పట్టుపట్టింది. పౌరహక్కులవారు అందుకు ఒప్పుకోలేదు. విచారణ అసంపూర్తిగానే ఆగిపోయింది.

ఢిల్లీ అరెస్టులో హద్దు లేదు. ఇక్కడ ఉన్నదల్లా హద్దే. రెండు చోట్లా నిజమే నష్టపోయింది.

1952 నాటి విచారణ కమిషన్ల చట్టం కొంత దారి చూపుతుంది. విచారించే విషయం నిర్దిష్టంగా ఉండాలి. ఎవరి పేరు ప్రతిష్ఠలకు భంగం కలిగే అవకాశం ఉందో వారికి చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. కమిషన్ నిజాలు తేలుస్తుంది, శిక్ష వేయదు. ఇవి న్యాయమైన హద్దులు. ఇవి నిర్దోషిని కాపాడతాయి.

ఫలానా పెద్దమనిషి జోలికి పోవద్దు, ఫలానా ఫైలు తెరవవద్దు, జనం వినకూడదు అనే హద్దులు వేరు. అవి దోషిని కాపాడతాయి. ప్రయోగం చేసేవాడు ప్రశ్నను పరిమితం చేసుకుంటాడు. జవాబు ఎలా రావాలో ముందే నిర్ణయిస్తే అది ప్రయోగం కాదు. హేతువాదులకు ఈ తేడా కొత్త కాదు. బాబాల మహిమలను పరీక్షించేటప్పుడు మనం అడిగేది ఇదే.

షా తుది నివేదిక 1978 ఆగస్టులో వచ్చింది. 1980లో ఇందిరాగాంధీ తిరిగి అధికారంలోకి వచ్చాక దాని ప్రతులు కనుమరుగయ్యాయి. తమిళనాడుకు చెందిన మాజీ ఎంపీ ఎరా సెళియన్ తన దగ్గరున్న ప్రతిని 2010లో పుస్తకంగా వేశారు. మూడు దశాబ్దాలకు అది మళ్లీ పాఠకుల చేతికి వచ్చింది. విచారణ పరిధి ఎంత ఉండాలని వాదించుకుంటున్నాం. నివేదికను ప్రజలకు అందుబాటులో ఉంచి తీరాలని అడగడం మాత్రం మరచిపోతున్నాం. మొదట అడగవలసింది అదే.