రాఘవాపురం అడవి

రాఘవాపురం అడవి తెలంగాణ రాష్ట్రము, సూర్యాపేట జిల్లా, మోతె మండలములోని రాఘవాపురం గ్రామము వద్ద సొంత భూమిలో పెంచబడిన అడవి. దీని విస్తీర్ణము సుమారు 70 ఎకరాలు. జలసాధన సమితి వ్యవస్థాపకుడైన దుశ్చర్ల సత్యనారాయణ (ఇంటిపేరును దుశర్ల అని కూడా వ్రాస్తారు) తన వారసత్వ భూమిలో కొన్ని దశాబ్దాలపాటు స్థానిక జాతుల చెట్లను పెంచి దీనిని తీర్చిదిద్దాడు.

నేపథ్యము

రాఘవాపురం 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడేవరకు నల్గొండ జిల్లాలో భాగముగా ఉండేది. ఆ ఉమ్మడి జిల్లాలో నీటి లభ్యత ఒకే తీరుగా లేదు. నిడమనూరు, మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలకు నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీరు అందగా, మునుగోడు, మర్రిగూడ వంటి పశ్చిమ ప్రాంతాల ప్రజలు ఫ్లోరైడు అధికముగా గల బోరునీటినే త్రాగవలసి వచ్చింది. దీనివలన అనేకులు ఎముకలను వంకరచేసే ఫ్లోరోసిస్ వ్యాధికి గురైనారు.

వ్యవసాయశాస్త్ర పట్టభద్రుడైన సత్యనారాయణ బ్యాంకు ఉద్యోగాన్ని వదలి ఈ సమస్యపై పనిచేశాడు. 1996 లోక్‌సభ ఎన్నికలలో దేశము దృష్టిని ఆకర్షించుటకు జలసాధన సమితి పెద్ద సంఖ్యలో నామినేషన్లు వేయించింది. ఫలితముగా నల్గొండ నియోజకవర్గములో 480 మంది అభ్యర్థులు పోటీలో నిలిచారు. బ్యాలెట్ పత్రాన్ని పుస్తకరూపములో ముద్రించవలసి వచ్చింది. అదే సంవత్సరము చట్టాన్ని సవరించి, లోక్‌సభ అభ్యర్థి చెల్లించవలసిన ధరావతును 500 రూపాయల నుండి 10,000 రూపాయలకు పెంచారు.

పెంపకము

నీటికోసము జరిపిన ఉద్యమమునకు, ఈ అడవికి దగ్గరి సంబంధము ఉన్నది. వాననీటిని నిలుపుటకు ఇక్కడ కుంటలు త్రవ్వించబడినవి. నేలపై రాలిన ఆకులు కుళ్ళి ఎరువుగా మారి, తేమను పట్టి ఉంచుతాయి. ఇక్కడ కలప కొట్టరు, పండ్లు అమ్మరు. పండ్లను పక్షులకు, జంతువులకు వదలివేస్తారు. నెమళ్ళతో సహా అనేక పక్షులకు ఇది ఆశ్రయమైనది.

స్థానిక జాతుల ప్రాధాన్యము

తెలంగాణ మైదానాలకు సహజమైనది ఆకురాల్చు అడవి. ఇందులోని చాలా చెట్లు ఎండాకాలములో ఆకులు రాల్చి నీటినష్టాన్ని తగ్గించుకుంటాయి.

* మోదుగ: వేసవి ఆరంభములో పూసి పక్షులకు తేనెనిస్తుంది. ఆకులతో విస్తళ్ళు కుడతారు.
* మర్రి, రావి, మేడి: వీటి పండ్లను తిన్న పక్షులు విత్తనాలను దూరప్రాంతాలకు చేరుస్తాయి.
* తంగేడు: రాష్ట్ర పుష్పము. బతుకమ్మను పేర్చుటకు వాడే పూలలో ముఖ్యమైనది.
* జమ్మి: రాష్ట్ర వృక్షము. లోతైన వేళ్ళ వలన అనావృష్టిని తట్టుకొంటుంది.

కాగితపు గుజ్జు కోసము పెంచే నీలగిరి, సుబాబుల్ తోటలలో ఒకే జాతి చెట్లుండి, కొద్ది సంవత్సరాలకొకసారి నరకబడతాయి. కనుక అవి పచ్చగా కనిపించినా అడవితో సమానము కావు.

ఇతర ప్రయత్నాలు

పొరుగున ఉన్న ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన దరిపల్లి రామయ్య (వనజీవి రామయ్య) జీవితకాలమంతా విత్తనాలు చల్లుతూ, మొక్కలు నాటుతూ గడిపాడు. ఆయనకు 2017లో పద్మశ్రీ పురస్కారము లభించింది. 2025 ఏప్రిల్ 12న మరణించాడు. రాష్ట్ర ప్రభుత్వము 2015లో హరితహారము కార్యక్రమాన్ని ప్రారంభించింది. 2020 నుండి గ్రామాలలో పల్లె ప్రకృతి వనాలు ఏర్పాటు చేయబడినవి.

భవిష్యత్తు

ఈ భూమిని అమ్ముటకు సత్యనారాయణ నిరాకరించాడు. ఇది తన సంతానానికి కాక, ఇందులో నివసించే జీవులకే చెందుతుందని ప్రకటించాడు. అయితే ఇది రిజర్వు అడవి కాదు, సొంత భూమి. మాట ఇచ్చిన మనిషి తరువాత దానిని నిలబెట్టేది ఎవరన్నదే ఈ అడవి ముందున్న ప్రధాన ప్రశ్న.