మిరపలో అఫ్లాటాక్సిన్ పరీక్ష: ప్రతిదీప్తి తరంగదైర్ఘ్యాల ఎంపిక

ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ వంటి బూజుల్లో పుట్టే విషాలను అఫ్లాటాక్సిన్లు అంటారు. వీటిలో బి1 కాలేయ క్యాన్సర్ కారకం. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో కల్లంలో ఆరబోసిన మిరప అకాల వర్షానికి తడిసినా, తేమ ఆరకముందే టిక్కీలకు ఎత్తినా ఈ బూజు పట్టే ప్రమాదం ఉంది. ఆంధ్రప్రదేశ్ మార్కెట్ యార్డులు, కోల్డ్ స్టోరేజీల నుంచి తెచ్చిన 182 నమూనాలపై ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 2001లో వెలువరించిన అధ్యయనంలో 59 శాతం నమూనాల్లో బి1 కనిపించింది. నాసిరకం కాయల్లోనే అది ఎక్కువ. ఎండుమిరపలో బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు, బి1, బి2, జి1, జి2 నాలుగూ కలిపి 10 మైక్రోగ్రాములు మించరాదన్నది యూరోపియన్ యూనియన్ నిబంధన. గుంటూరులోని స్పైసెస్ బోర్డు ప్రయోగశాల వంటి చోట్ల ఎగుమతి సరుకుకు పరీక్షలు జరుగుతాయి.

అతినీలలోహిత కాంతిలో బి రకాలు నీలంగా, జి రకాలు ఆకుపచ్చగా మెరుస్తాయి. వాటి పేర్లలోని అక్షరాలు ఆ రంగులవే. ద్రవ క్రోమటోగ్రఫీలో ఈ మెరుపునే, అంటే ప్రతిదీప్తినే, కొలుస్తారు. అణువును ఉత్తేజపరిచే కాంతికి దాదాపు 365 నానోమీటర్లు, అది తిరిగి వెదజల్లే (ఉద్గార) కాంతికి బి రకాల్లో 425, జి రకాల్లో 450 ప్రాంతం అనువైనవి. సాధారణ కాలమ్‌లో జి2, జి1, బి2, బి1 వరుసలో బయటికొస్తాయి గనుక, జి1 దాటాక ఉద్గార తరంగదైర్ఘ్యాన్ని మార్చేలా పరికరానికి ముందే చెప్పిపెట్టవచ్చు. చాలామంది 435–440 వద్ద ఒకే అమరికతో నడిపిస్తారు. నాలుగింటికీ అది చాలినంత రాజీ.

వర్ణపటంలో ఎత్తైన శిఖరం ఉన్నచోటే తరంగదైర్ఘ్యం పెట్టాలనుకోవడం పొరపాటు. చూడాల్సింది సంకేతానికీ నేపథ్య రొదకూ ఉన్న నిష్పత్తి. 365 వద్ద కాంతి పడితే నీరు రామన్ పరిక్షేపణ వల్ల 417 నానోమీటర్ల దగ్గర తానే కొంత వెలుగు చిమ్ముతుంది. ఉద్గార తరంగదైర్ఘ్యం 425 కన్నా పైకి జరిపితే సంకేతం కాస్త తగ్గినా ఆ రొద అంతకంటే ఎక్కువగా తగ్గవచ్చు. అందుకే ప్రామాణిక ద్రావణాన్ని అసలు వాడబోయే నీరు–మిథనాల్ మిశ్రమంలోనే స్కాన్ చేయాలి. వేరే ద్రావణిలో తీసిన వర్ణపటాన్ని నమ్ముకుంటే లెక్క తప్పుతుంది.

నీటి మిశ్రమంలో బి1, జి1ల మెరుపు బాగా మందగిస్తుంది. ప్రమాదకరమైన బి1 ఇలా మరుగున పడకూడదని కాలమ్ తర్వాత బ్రోమిన్‌తో గానీ, 254 నానోమీటర్ల దీపపు కాంతితో గానీ వాటిని బాగా మెరిసే రూపాల్లోకి మారుస్తారు. తరంగదైర్ఘ్యం ఎంచాల్సింది ఆ మారిన రూపాలకే.

మిరపకు మరో చిక్కు ఉంది. దాని ఎర్ర రంగులు, నూనెలు సారంతో పాటే వచ్చి నేపథ్యాన్ని పెంచుతాయి. యాంటీబాడీలు ఉన్న శుద్ధి కాలమ్ గుండా సారాన్ని పంపితే చాలావరకు పోతాయి. అయినా విషం లేని మిరప పొడికి తెలిసిన మోతాదు కలిపి, అదే అమరికతో ఎంత తిరిగి దొరుకుతుందో చూడందే ఎంపిక పూర్తికాదు.

కారానికి మూలమైన క్యాప్సైసిన్‌నూ ఇదే ప్రతిదీప్తి పరికరంతో కొలవవచ్చు. దానికి ఉత్తేజనం 280, ఉద్గారం 320 నానోమీటర్ల ప్రాంతం. అక్కడ నీటి రామన్ వెలుగు 310 దగ్గర పడుతుంది. ఉద్గారాన్ని మరికొంత పైకి, 338 వరకు జరిపే పద్ధతులూ వాడుకలో ఉన్నాయి.