దొంగజాతి యను ముద్ర: పుట్టుపూర్వోత్తరములు

చంద్రపూర్‌లోని లాల్‌పేట్ బొగ్గుగనుల చుట్టునుగల బస్తీలలో తెలుగు కుటుంబములు తరతరములుగా కాపురము చేయుచున్నవి. ఇచ్చటినుండి దక్షిణముగా పయనమై, బల్లార్‌పూర్ దాటి, వార్ధానదికి ఆవలియొడ్డుననున్న రాజూరా మీదుగా తెలంగాణ సరిహద్దును చేరుటకు ఒక్కపూట చాలును. ఆ కొద్దిపాటి దారిలోనే, వెదురుబుట్టలల్లి పొట్టపోసికొను ఒక జనసమూహమునకు ప్రభుత్వపు పట్టికలలో స్థానము మూడు విధములుగానున్నది. చంద్రపూర్‌లో కైకాడీలు షెడ్యూల్డు కులమువారు. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములో భాగమైయుండిన రాజూరాలో వారే విముక్తజాతివారు. ఎల్ల దాటినంతనే, వారికి దగ్గరి జ్ఞాతులైన యెరుకలవారు షెడ్యూల్డు తెగవారు. విముక్తజాతులను ఒకప్పుడు బంధించిన శాసనమెట్టిదో, అది ఎట్లు పుట్టెనో మనలో పెక్కురకు తెలియదు. కాని ఇంటిలో ఒక బిందె కనబడనినాడు, బస్తీచివర గుడారము వేసికొన్నవారివైపే మన చూపు ముందుగా పోవుటకు మూలము ఆ శాసనముననే చాలవరకున్నది.

దొంగతనమును మన పూర్వులెరుగనివారు కారు. శూద్రకుని మృచ్ఛకటికమున శర్విలకుడు చారుదత్తుని యింటిగోడకు కన్నము వేయుటకుముందు, ఆ కన్నము ఏ యాకృతిలోనున్నచో మరునాడు చూచువారు మెచ్చుకొందురోయని విచారించును. జందెమునే కొలత్రాడుగా వాడుకొనును. అతడు నాలుగువేదములెరిగిన బ్రాహ్మణుని కుమారుడు. దాస్యములోనున్న తన ప్రియురాలు మదనికను విడిపించుటకు ధనములేక ఆ పనికి దిగినవాడు. కవి ఆ దొంగకొక కారణమునిచ్చెనేగాని అతని పుట్టుకను నిందింపలేదు. ఇతరవిషయములందెంతయో నిర్దయమైన మనుస్మృతి సైతము, తెలిసి దొంగిలించిన శూద్రునకు ఎనిమిదిరెట్లును, వైశ్యునకు పదునారురెట్లును, క్షత్రియునకు ముప్పదిరెండురెట్లును, బ్రాహ్మణునకు అరువదినాలుగురెట్లును దోషమని చెప్పినది. పోయిన సొత్తును పట్టి సొంతదారునకిప్పించుట రాజుధర్మమనియు, పట్టలేనిచో తన బొక్కసమునుండియే ఇచ్చుకొనవలెననియు ధర్మశాస్త్రకారులు విధించిరి. పల్లెలలో కావలి యేర్పాటునకు ప్రాణమైనదియు ఈ భావమే: పంటలో మేర పుచ్చుకొను కావలిగాడు తన హద్దులో పోయినదానికి తానే జవాబుదారి. కుంఫిణీ దొరతనము 19వ శతాబ్ది ఆదిలో ఆ యేర్పాటును తొలగించినప్పుడు, గ్రామమునకు కాపరియు పోయెను, కాపరికి కూడును పోయెను.

యెరుకలవారి కథ ఇంతకన్న దుఃఖకరమైనది. వారి శాఖల పేర్లను వినుడు: దబ్బ యెరుకలవారు, కరివేపాకు యెరుకలవారు, ఉప్పు యెరుకలవారు. వెదురుదబ్బలతో బుట్టలల్లువారొకరు, కరివేపాకు అమ్ముకొనువారొకరు. ఇక ఉప్పు యెరుకలవారన్ననో, కోస్తాలోని ఉప్పుకొటారులనుండి ఉప్పును గాడిదలమీదను ఎద్దులమీదను వేసికొని, బండిబాటయైనను లేని మెట్టసీమలకు కొనిపోయి, మారుగా ధాన్యమును తెచ్చుచుండిన వర్తకులు. వారి స్త్రీలు గద్దె చెప్పుచు ఊరూరను తిరుగుచుండిరి. నిలుకడలేని బ్రతుకైనను అది పనిలేని బ్రతుకు కాదు. వారు రానినాడు లోతట్టు పల్లెలో కూటికి ఉప్పులేదు. మద్రాసు ప్రభుత్వము 1805లో ఉప్పును తన గుత్తాధికారము క్రిందికి తెచ్చుకొనెను. శతాబ్దిమధ్యము దాటిన పిదప రైలుమార్గములు వేయబడి, గాడిద మోసిన బరువును పెద్ద వర్తకుల సరుకుబండ్లు మోయసాగెను. 1876-78 నడుమ వచ్చిన ధాత కరువులో మనుష్యులే పిట్టలవలె రాలిపోవుచుండగా పశువులను కాచుకొనువారెవరు? ఆ వెనుక 1882 నాటి అటవీచట్టముతో అడవిలోని వెదురును పచ్చికయును సర్కారు సొమ్మాయెను. ఒక్క మనుష్యుని జీవితకాలములోనే ఇన్ని తలుపులు మూయబడిన జనములో కొందరు చీకటిదారి పట్టిరన్నచో, ఆశ్చర్యపడుటకేమున్నది? సొత్తు పోగొట్టుకొన్న యిల్లాలి దుఃఖము స్వల్పమని నేననను. ఏండ్లతరబడి చెమటోడ్చి కూడబెట్టిన కాసులపేరు ఒక్కరాత్రిలో పోవుట సామాన్యమైన దెబ్బ కాదు. కాని ఆ దెబ్బకు కారణమును వెదకవలసిన దొరతనము కారణమును విడిచి కులమును పట్టుకొనెను.

ఆ పట్టుటకు సాధనమైనది 1871 నాటి నేరస్థజాతుల చట్టము. 1830 ప్రాంతమున థగ్గులను అణచుటలో సంపాదించిన అనుభవము దొరలకు ఒక సిద్ధాంతమునిచ్చియుండెను: ఈ దేశమున వడ్రంగికొడుకు వడ్రంగియైనట్లే దొంగకొడుకు దొంగయగునని. మొదట ఉత్తరదేశమున అమలైన ఈ చట్టము 1911లో సవరింపబడి మద్రాసు రాజధానికిని వ్యాపించెను. ప్రభుత్వము ఒక జాతిని నేరస్థజాతియని గెజెట్టులో ప్రకటించినచో, ఆ ప్రకటనను ఏ న్యాయస్థానమందును ప్రశ్నించుటకు వీలులేదు. ఆ జాతివారి పేర్లు రిజిస్టరు కెక్కును, వ్రేలిముద్రలు తీసికొనబడును, నియమితవేళలకు పోలీసులయెదుట హాజరు పలుకవలెను, పొరుగూరికి పోవుటకు చీటి కావలెను. బిడ్డలను తల్లిదండ్రులనుండి వేరుచేసి బడులలోనుంచు అధికారము సైతము ప్రభుత్వమునకు లభించెను. నేరము చేయకయే శిక్ష మొదలగును. నేరము చేయకున్నను అది ముగియదు.

ఇట్లు ముద్రవేయబడినవారిని ఒకచోట నిలుపుటకు పుట్టినవే సెటిల్‌మెంట్లు. బాపట్లకును చీరాలకును నడుమ, రైలుమార్గము ప్రక్కన, 1913-14 ప్రాంతమున సాల్వేషన్ ఆర్మీ వారి నిర్వహణలో వెలసిన ఊరికి, మద్రాసు గవర్నరు కార్యనిర్వాహకసభలోని హెరాల్డ్ స్టూవర్టు పేరిట స్టూవర్టుపురమని పేరిడిరి. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషనువారును, బెజవాడకెదుట సీతానగరములో సాల్వేషన్ ఆర్మీవారును ఇట్టివానినే నడపిరి. ఆ మిషనులు బడులు పెట్టినవి, వైద్యము చేసినవి, కొంత భూమినిప్పించినవి. ఆ మేలును కాదనరాదు. ఐనను చీరాల పొగాకు కర్మాగారమునకును, రాతిక్వారీలకును పనివారిని పంపినది ఆ సెటిల్‌మెంట్లే. కూలి చాలదని పనివిడిచి పోవు స్వేచ్ఛ తక్కిన కూలివానికుండెను. ఈ కూలివానికి, పోయినచో జైలు కాచుకొనియుండెను. మనిషిని మార్చుటకని కట్టిన ఊరే, ఊరిపేరు చెప్పినంతనే లోకము తలుపు గడియవేసికొనునట్లు చేసినది.

నేరస్థజాతుల చట్టముపై దేశమున అలజడి లేకపోలేదు. 1936లో నెల్లూరున జవహర్‌లాల్ నెహ్రూ ఈ చట్టమును బహిరంగముగా ఖండించెను. ఆ నెల్లూరి వాడైన వెన్నెలకంటి రాఘవయ్య యానాదులకొరకును యెరుకలవారికొరకును తన జీవితమునే ధారవోసెను. మద్రాసు ప్రభుత్వము 1947లో ఈ చట్టమును రద్దుచేసినది. అనంతశయనం అయ్యంగారి అధ్యక్షతను 1949-50లో విచారించిన సంఘపు సిఫారసు ననుసరించి 1952 ఆగస్టు 31 నుండి దేశమంతటను ఇది రద్దాయెను. కాని 1948లోనే మద్రాసున అలవాటుపడిన నేరస్థుల చట్టము వచ్చియుండెను. తరువాత ఇతర రాష్ట్రములును అట్టివానిని చేసికొనెను. చట్టమున జాతి స్థానములో వ్యక్తి వచ్చెనుగాని, ఠాణాలోని అనుమానపు జాబితాలో ఆ పాతయిండ్లే నిలిచెను.

స్టూవర్టుపురములో నిజమైన మార్పునకు దారితీసినది 1970 తరువాత హేమలతా లవణము, లవణము దంపతులు చేసిన కృషి. హేమలత గుఱ్ఱం జాషువా కుమార్తె. లవణము నాస్తికోద్యమ నాయకుడైన గోరా కుమారుడు, వినోబా భావే పాదయాత్రలలో దుభాషియై నడచినవాడు. 1960లో వినోబాయెదుటను, 1972లో జయప్రకాశ్ నారాయణుని యెదుటను చంబల్ బందిపోట్లు ఆయుధములు దించిన దృశ్యము దేశమునకు క్రొత్తదారి చూపియుండెను. ముఖ్యమంత్రి జలగం వెంగళరావు ఆమోదముతో ఈ దంపతులు స్టూవర్టుపురమున కాలుమోపి, సంస్కార్ అను సంస్థ ద్వారా, నేరము విడిచినవారికి జీవనోపాధియు వారి బిడ్డలకు చదువును కల్పింప పాటుపడిరి. వారు చేసినది గొప్ప తంత్రమేమియు కాదు. ఆ యిండ్లలో కూర్చుండిరి, ఆ చేతి కూడు తినిరి. అరువదియేండ్లు కాపలాకాచిన ప్రభుత్వమునకు తోచనిది ఇదియే. ఆ ఊరినుండి ఉపాధ్యాయులును ఉద్యోగులును వెలువడిరి. ఐనను 1991లో వచ్చిన స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్ అను చిత్రము మొదలు ఇటీవలి 2023 నాటి టైగర్ నాగేశ్వరరావు వరకు, మన తెర ఆ ఊరిపేరును దొంగల కథకే తగిలించినది. ఆ ఊరి బడిపంతులు కథను ఏ నిర్మాతయు తీయగా నేను చూడలేదు.

2024 అక్టోబరు 3న సుకన్యా శాంత అను పాత్రికేయురాలి వ్యాజ్యమున సుప్రీంకోర్టు, కారాగారములలో కులమునుబట్టి పని పంచు నియమములను కొట్టివేయుచు, విముక్తజాతులవారిని పుట్టుకతోనే అలవాటుపడిన నేరస్థులుగా ఎంచు నిబంధనలు రాజ్యాంగవిరుద్ధములని తీర్పుచెప్పెను. 1871 నాటి చట్టము పుట్టిన 153 ఏండ్లకు, జైళ్ల రిజిస్టరులలోని కులపు గడిని తొలగింపుడని ఆదేశించెను.