అడుగుతున్నది ఎవరు? సర్వే పరిశోధనలో కృత్రిమ మేధ

మౌఖిక ఆధారాలను చదివేటప్పుడు మనం సాధారణంగా సమాధానాలనే చూస్తాం, ప్రశ్నించినవారిని మరచిపోతాం. కృత్రిమ మేధ ఫోనులో ప్రశ్నలు అడిగి సర్వే సమాచారం సేకరిస్తున్న ఈ రోజుల్లో ఇది చిన్న పొరపాటు కాదు. ఎందుకో తెలియడానికి 1937 నాటి ఒక అమెరికా ఉదంతాన్ని పరిశీలించండి.

ఆర్థిక మాంద్యం కాలంలో నిరుద్యోగులైన రచయితలకు పని కల్పించడానికి అమెరికా ప్రభుత్వం ఫెడరల్ రైటర్స్ ప్రాజెక్టును చేపట్టింది. అందులో భాగంగా 1936-38 మధ్య, ఒకప్పుడు బానిసలుగా బతికిన 2,000 మందికి పైగా వృద్ధుల జ్ఞాపకాలను నమోదు చేశారు. దక్షిణ కరోలినాలోని చార్లెస్టన్‌లో సుసాన్ హామ్లిన్ అనే వృద్ధురాలిని ఇద్దరు విడివిడిగా కలిశారు. శ్వేతజాతి మహిళ జెస్సీ బట్లర్‌తో ఆమె తన యజమాని మంచివాడని చెప్పింది. నల్లజాతికి చెందిన అగస్టస్ లాడ్సన్ రాసుకున్న కథనంలో మాత్రం బిడ్డలను తల్లుల నుంచి విడదీసి అమ్మడం, కొరడా దెబ్బలు కనిపిస్తాయి.

ఈ రెండు పత్రాలను తరగతిలో పక్కపక్కన పెట్టి చదివించేవాణ్ణి. "ఏది నిజం సార్?" అని విద్యార్థులు అడిగేవారు. నన్ను ఎక్కువ కలవరపెట్టింది వేరే విషయం. హామ్లిన్ తనను సంక్షేమ కార్యాలయం మనిషిననుకుందని, ఆ అపోహను తాను తొలగించలేదని బట్లరే రాసింది. సాయం అందించే చోటు నుంచి వచ్చారనుకున్న మనిషి ముందు ఒక పేద వృద్ధురాలు ఎలా మాట్లాడుతుందో మీరే ఊహించండి.

యంత్రానికి జాతీ కులమూ లేవు కాబట్టి దాని ముందు జనం దాపరికం లేకుండా మాట్లాడతారని కొందరి వాదన. ఇందులో కొంత నిజముంది. 1966లో ఎం.ఐ.టి. ఆచార్యుడు జోసెఫ్ వైజెన్‌బామ్ 'ఎలిజా' అనే సంభాషణ ప్రోగ్రాం గురించి ప్రకటించాడు. అది యంత్రమని తెలిసిన ఆయన కార్యదర్శే, దానితో కాసేపు మాట్లాడి, ఆయన్ను గది బయటకు వెళ్లమని కోరింది. ఆ సంభాషణలన్నీ తాను చూసేలా ఏర్పాటు చేస్తానని ఆయన అనగానే, అది తమ అంతరంగంపై గూఢచర్యమని జనం మండిపడ్డారు. ఎవరూ వినడం లేదనుకున్నందువల్లే వారు మనసు విప్పారు.

అందుకే యంత్రంతో ఇంటర్వ్యూ చేసేవారి బాధ్యత తగ్గదు, పెరుగుతుంది. "మీకు పింఛను సరిగా అందుతోందా?" అని తేట తెలుగులో ఒక గొంతు అడిగితే, గ్రామంలోని వృద్ధురాలు అది ప్రభుత్వ ఆఫీసనే అనుకుంటుంది. మనం మౌనంగా ఉంటే బట్లర్ చేసిందే మనమూ చేసినట్లు. యాస సంగతి మరొకటి. శ్రీకాకుళం మాటనో ఆదిలాబాద్ మాటనో యంత్రం తప్పుగా విన్నా, రాతలో అది చక్కని వాక్యంగానే కనిపిస్తుంది. కాబట్టి కొన్ని రికార్డింగులనైనా ఆ యాస తెలిసిన మనిషి విని సరిచూడాలి.

చట్టం చూసుకుంటుందిలే అనుకోకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిశోధన, గణాంక అవసరాలకు మినహాయింపు ఇస్తుంది. నిర్దేశిత ప్రమాణాలు పాటించాలి, ఆ డేటాతో ఏ వ్యక్తి విషయంలోనూ నిర్ణయం తీసుకోకూడదు. షరతులు అంతే.

అభ్యాసం: పైన చెప్పిన వృద్ధురాలికి ఫోను చేసే యంత్రం ప్రశ్నలకు ముందు పలకవలసిన మాటలను మీ ప్రాంతపు వాడుక భాషలో రాయండి. తాను యంత్రమని, ఎవరి తరఫున అడుగుతున్నదో, ఆమె గొంతును ఎవరు వింటారో, జవాబు చెప్పకపోయినా పింఛను ఆగదని, ఎప్పుడైనా ఫోను పెట్టేయవచ్చని, కావాలంటే మనిషితోనే మాట్లాడవచ్చని అందులో ఉండాలి.