తుప్పునకు వచ్చిన విలువ

నిజాము ఏలుబడిలోని కోహెడ ప్రాంతమున దొరలకు ఎడ్ల కచ్చరము, తక్కినవారికి కాలినడక గతియైయున్న దినములలో, 1932 జూన్ మాసమున, నిజాము ప్రభుత్వపు రైల్వే శాఖ 27 బస్సులతో రోడ్డు రవాణాకు శ్రీకారము చుట్టెను. ఆ యేటనే ఇంగ్లండులోని నాటింగ్‌హాం నగరమున జార్జి బ్రఫ్ అను నాతడు ఆస్టిన్ సెవెన్ కారు ఇంజనును మోటారు సైకిలునకు బిగించి, వెనుక రెండు చక్రములను దగ్గరగా జతపరచి, అట్టివి పదిమాత్రమే నిర్మించెను.

1919 మొదలు 1940 వరకు అతని కర్మాగారమున వెలువడిన బ్రఫ్ సుపీరియర్ బండ్లన్నియు కలిసి సుమారు మూడువేలు మాత్రమే. ఇంజన్లు పెక్కింటిని జె.ఏ.పి., మ్యాచ్‌లెస్ సంస్థలవద్ద కొని తెచ్చి, ఏరి కూర్చి, మెరుగుపెట్టి, ఎస్.ఎస్.100 అను రకమును గంటకు 100 మైళ్లు పరుగెత్తునని హామీపత్రముతో అమ్మిన యాతని ప్రజ్ఞ కూర్పరి ప్రజ్ఞయే; దానిని చిన్నచూపు చూడ నవసరము లేదు. అరేబియా లారెన్సని పేరొందిన ఆంగ్ల సైనికాధికారి ఆ బండ్లలో వరుసగా ఏడింటిని కొని, ఏడవదానిపై 1935లో ప్రమాదమునకు లోనై మరణించెను. అతనికి చికిత్స చేసిన హ్యూ కెయిర్న్స్ అను శస్త్రవైద్యుని పరిశోధనలే తరువాత మోటారు సైకిలు నడపు సైనికుల తలలకు హెల్మెట్ ఎక్కించినవి.

1932నాటి ఆ పదింటిలో ఒకటి కార్న్‌వాల్ సీమలోని యొక పల్లెటూరి కొట్టములో అర్ధశతాబ్దికి పైగా విప్పిన ఇనుప కుప్పగా పడియుండి, 2016లో వేలమునకు వచ్చి 3,31,900 పౌనులు, అనగా మన లెక్కన మూడు కోట్ల రూపాయలకు పైగా పలికెను. కదలలేని బండికి అంత వెల కట్టినవారు వేగమును కొనలేదు. అరుదుగా మిగిలినదానిని కొనిరి.

మన దేశమున ఈ కథకు దగ్గరి చుట్టము రాజ్‌దూత్ 350. ఎస్కార్ట్స్ సంస్థ యమహా సహకారమున 1983లో తెచ్చిన ఈ రెండు సిలిండర్ల బండి పరుగున మేటియే గాని, పెట్రోలు త్రాగుటయందును అంతే. పల్లెలలో పాల క్యాన్లు మోయుటకు చవకైన రాజ్‌దూత్ 175 ఉండగా దీని నెవ్వరు పోషింతురు? ఆ దశాబ్ది ముగియునప్పటికి తయారీ నిలిచెను. విడిభాగములు దొరకక విసిగినవారు బండ్లను అడ్డికి పావుశేరుగా వదలించుకొనిరి. ఆ బండికే నేడు లక్షలు పలుకుచున్నవి. అందును క్రొత్త రంగు పూసి సింగారించినదానికంటె, ఒక్క భాగమైనను మార్చక మూలబెట్టినదానికే గిరాకి హెచ్చు.