కూనోకు వచ్చిన చీతా

అక్బరు కొలువులో జింకలవేటకు మచ్చికచేసిన చీతాను మనము చేజేతులా పోగొట్టుకొన్నాము. 1947లో కొరియా సంస్థానాధీశుడు మూడింటిని కాల్చినాడు; అవే కడపటివని చెప్పుదురు. 1952లో కేంద్ర వన్యప్రాణి మండలి తొలి సమావేశములో చీతాకు ప్రత్యేకరక్షణ కావలెనన్నది. రక్షించుటకు మిగిలినదేమి? ఆ యేడే చీతా అంతరించినదని ప్రకటన వెలువడినది. 1970లలో ఇరానుతో సాగిన సంప్రదింపులు ఫలింపలేదు. తుదకు 2022 సెప్టెంబరు 17న నమీబియానుండి ఎనిమిదింటిని మధ్యప్రదేశములోని కూనోకు తెచ్చినారు.

అయితే కూనోను సిద్ధపరచినది చీతాకొరకు కాదు, గిర్ సింహములకొరకు. వానికై అంతకు ముందే 24 గ్రామములను అక్కడినుండి తరలించినారు. సింహములను పంపుమని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించినది. అవి రానేలేదు. ఊళ్లు విడిచినవారి పొలములలో ఇప్పుడు ఆఫ్రికా చీతా తిరుగుచున్నది.